ముదగల్‌లో విన్న పాటలు

మా ఊరు ముదగల్. రాయచూరు జిల్లా, లింగసుగూరు తాలూకా. ఊరి గురించి వ్యాసం రాయమంటే మా తరగతిలో అందరం కోట గురించే రాస్తాం. ఫతే దర్వాజా, కాటి దర్వాజా, కందకం, కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నేల కోసం విజయనగరం రాజులూ బహమనీలూ, తర్వాత బీజాపూరు ఆదిల్‌షాహీలూ చేసిన యుద్ధాలు. ఇదంతా పుస్తకంలో ఉంటుంది, మార్కులు కూడా పడతాయి. కానీ ఏడాదికోసారి చుట్టుపక్కల జిల్లాల నుంచి బస్సులు, ట్రాక్టర్లు కట్టుకొని వేలకొద్దీ జనం మా ఊరికి వచ్చేది కోట చూడటానికి కాదు. కోట దగ్గరున్న హుస్సేనీ ఆలం దర్గాకు, మొహర్రానికి వస్తారు. వచ్చినవాళ్ళు పీర్లను చూస్తారు, చక్కెర చదివిస్తారు, రాత్రంతా కూర్చొని పాటలు వింటారు. ఆ పాటల గురించి ఎవరూ వ్యాసం రాయలేదు. అందుకే నేను రాస్తున్నాను.

ఈసారి, అంటే 2025లో, మొహర్రం తొమ్మిదో రోజు జూలై 5 శనివారం, పదో రోజు జూలై 6 ఆదివారం వచ్చాయి. బడికి డుమ్మా కొట్టకుండా, ఇంట్లో తిట్లు తినకుండా రెండు రోజులూ పాటలు వినే అవకాశం దొరికింది. ఇంకో విశేషం, ఆ ఆదివారమే తొలి ఏకాదశి. ఇది వింత అనుకున్నాను గానీ మా లెక్కల సారు వింతేమీ లేదని బోర్డు మీద వేసి చూపించారు. మొహర్రం నెల అమావాస్య తర్వాత నెలవంక కనబడిన రోజుతో లెక్కకు వస్తుంది. కాబట్టి దాని పదో రోజు ఎప్పుడూ మన దశమి, ఏకాదశి దగ్గరే పడుతుంది. ఏ నెల ఏకాదశి అన్నదే మారుతుంది. వాళ్ళ సంవత్సరం సుమారు 354 రోజులు. మనం మూడేళ్ళకోసారి అధిక మాసం కలిపి సర్దుకుంటాం, వాళ్ళు కలపరు. అందుకే మొహర్రం ఏటా పదకొండు రోజులు వెనక్కి జరిగి, 33 ఏళ్ళకు అన్ని కాలాలూ చుట్టి వస్తుంది. నిరుడు 2024 జూలై 17న కూడా రెండూ ఒకే రోజు వచ్చాయి. కానీ అది బుధవారం.

మా నాయనకు ఇక్కడ మోటార్లు రివైండింగ్ చేసే షాపు ఉంది. బోరు మోటారు కాలిపోతే రైతులు మా నాయన దగ్గరికే తెస్తారు. మేము ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కూరగాయల బండి దగ్గర దక్కనీ ఉర్దూ మాట్లాడతాం. నాకు ఇదేమీ కష్టం కాదు, ఇక్కడే పుట్టాను. కష్టమంతా మా జేజికే. ఆమెది అనంతపురం జిల్లాలో నార్పల దగ్గర పల్లె. తాత పోయిన తర్వాత నాయన ఇక్కడికి పిలుచుకొచ్చినాడు. మూడేళ్ళయింది. ఒక్క కన్నడ ముక్క నేర్చుకోలేదు. "నోరు తెరిస్తే నవ్వుతారు పాపా, మూసుకొని కూర్చుంటే మర్యాద" అంటుంది. ఊళ్ళో ఉన్నప్పుడు కోడి కూసినప్పటి నుంచి పడుకొనే దాకా మాట్లాడే మనిషి ఇక్కడికొచ్చి అరుగు మీద మాట లేకుండా కూర్చుంటుంది. శ్రావణం రాగానే ఊరికి పోతాను, ఇంక రాను అని నాయనతో చెప్పేసింది. అక్కడ ఇల్లు ఉంది గానీ అన్నం పెట్టే మనిషి లేరు. నాయన ఏమీ అనలేదు. రాత్రి అమ్మతో గొణిగినాడు, నేను విన్నాను.

శనివారం రాత్రిని ఇక్కడ కత్తల్ రాత్రి అంటారు. జేజిని బలవంతంగా లేపి తీసుకుపోయినాము. "ఈడ పీర్లుంటాయా?" అని అడిగింది. మూడేళ్ళుగా ఉంటున్నా పక్క వీధికి కూడా పోలేదు మరి. జేజికి పీర్లు కొత్త కాదు. వాళ్ళ పల్లెకు దగ్గర్లోనే గూగూడు ఉంది. అక్కడి కుళ్ళాయిస్వామి పీర్ల పండుగ రాయలసీమ అంతా తెలుసు. చిన్నప్పుడు ప్రతి ఏడూ బండి కట్టుకొని పోయేవాళ్ళమనీ, తెల్లవారుజామున నిప్పుల గుండం తొక్కేది చూసేవాళ్ళమనీ నాకు చాలాసార్లు చెప్పింది. అట్లాంటిది కన్నడ దేశంలో కూడా ఉంటుందని ఆమె అనుకోలేదు.

కోట ముందర ఎక్కడ చూసినా గుంపులే. ఒక్కో గుంపు ఒక హెజ్జె మేళం. కన్నడంలో హెజ్జె అంటే అడుగు. పదిహేను ఇరవై మంది మగపిల్లలు ఒకే రంగు చొక్కాలు వేసుకొని, కాళ్ళకు గజ్జెలు కట్టుకొని, చేతిలో రుమాలు పట్టుకొని గుండ్రంగా నిలబడతారు. ముందుపాట పాడే మనిషి ఒక్కడు. ఆయన ఒక చరణం పాడతాడు. అప్పుడు హలగె, అంటే మన పలక, ఆగిపోతుంది, మాట స్పష్టంగా వినబడాలి కదా. మాట అయిపోగానే మిగిలినవాళ్ళు అదే చరణం అందుకుంటారు, పలక మోగుతుంది, అడుగు పడుతుంది. రెండు ముందుకు, ఒకటి వెనక్కి, ఒక తిరుగుడు. గజ్జెలన్నీ ఒకేసారి ఘల్లుమంటాయి. మళ్ళీ నిశ్శబ్దం, మళ్ళీ మాట. చూసేవాళ్ళకు ఆట కనబడుతుంది గానీ అసలు పని చెవిది. పాట వినకపోతే అడుగు తప్పుతుంది.

ఈ పాటలను రివాయత్ పదాలు అంటారు. రివాయత్ అనేది అరబ్బీ నుంచి ఉర్దూలోకి వచ్చిన మాట, ఒకరి నుంచి ఒకరు విని చెప్పుకొనే వృత్తాంతం అని అర్థం. మాట అరబ్బీది, కథ కర్బలాది, పాట మాత్రం అచ్చ కన్నడం. క్రీ.శ. 680లో ఇరాక్‌లోని కర్బలా మైదానంలో ప్రవక్త మనుమడు ఇమాం హుస్సేనునూ ఆయన వెంట ఉన్న డెబ్బై రెండు మందినీ యజీదు సైన్యం చుట్టుముట్టింది. పక్కనే యూఫ్రటీస్ నది పారుతున్నా నీళ్ళు ముట్టనివ్వలేదు. మొహర్రం పదో రోజున అందరినీ చంపేశారు. నీళ్ళు తేవడానికి పోయిన తమ్ముడు అబ్బాసు, ఆరు నెలల పసివాడు అలీ అస్గర్, కొత్త పెళ్ళికొడుకు కాసిం, వీళ్ళందరి మీదా పాటలు ఉన్నాయి. అందుకే దీన్ని నోటిమాటకు పండుగ అంటాం గానీ నిజానికి ఇది దుఃఖపడే రోజు. మా ఊళ్ళో దీన్ని ముస్లింలే కాదు, లింగాయతులు, కురుబలు, నాయకులు, అందరూ చేస్తారు. మేళాల్లో పాడేవాళ్ళలో చాలామంది హిందువులే. ఇదేమిటని ఎవరూ అడగరు, పుట్టినప్పటి నుంచీ అట్లనే చూస్తున్నాం.

జేజి మొదటి పాట వినేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఊరికే చూసింది. రెండో పాటలో "నీరు" అన్న మాట వినబడింది. అది మనకూ నీరే. తర్వాత "తాయి" అన్నారు. తర్వాత "కూసు" అన్నారు. కన్నడంలో కూసు అంటే పసిబిడ్డ, మన కూన లాగా. జేజి నా చెయ్యి పట్టుకొని, "పసిబిడ్డకు గుక్కెడు నీళ్ళియ్యలేదు కదా ఆ పాపిష్టోళ్ళు" అంది. నేను ఆమెకు ఒక్క ముక్క కూడా అర్థం చెప్పలేదు. మూడు మాటలతో మొత్తం కథ పట్టేసింది.

ఆ మేళంలో ముందుపాట మా పక్కింటి అజ్జది. నలభై ఏళ్ళుగా ఆయనదే అట. ఆయనకు చదువు రాదు, పాటలన్నీ నోటికే వచ్చు. ఇరవైకి పైగా ఉంటాయని చెప్తాడు. ఈసారి గొంతు పోయింది. గట్టిగా పాడితే దగ్గు వచ్చి ఊపిరి ఆడటం లేదు. అరవొద్దని డాక్టరు చెప్పినాడు. ఆయన మనుమడు బెంగళూరులో పెయింటు పనికి పోతాడు, మొహర్రానికని రెండు రోజులు సెలవు పెట్టుకొని వచ్చినాడు. ఆ అన్నకు అడుగులన్నీ వచ్చు గానీ పాటలు సగం సగమే వచ్చు. కాబట్టి అజ్జ స్టూలు వేసుకొని అన్న పక్కనే కూర్చొని ఒక్కో చరణం చెవిలో చెప్తాడు, అన్న దాన్ని పైకి పాడతాడు, మేళం అందుకుంటుంది. పాట అజ్జ నోటి నుంచి అన్న నోటికి పోయేటంత సేపూ పలక ఆగి ఉంటుంది. ఆ కాస్త ఆలస్యానికి అందరూ ఓపిక పట్టినారు.

అర్ధరాత్రి దాటిన తర్వాత ఒక డీజే బండి వచ్చింది. ఎవరిదో రాయను, ఎవరిదైనా శబ్దం ఒకటే. లారీ మీద పెట్టెలు పేర్చి సినిమా పాటల దరువు వేస్తూ వచ్చింది. నిలబడిన నేల అదిరింది. అజ్జ చెవిలో చెప్తున్నా అన్నకు వినబడలేదు. అన్న రెండుసార్లు "ఏన్ అజ్జా, ఏన్?" అని అడిగినాడు. మేళం ఆగిపోయింది. పిల్లలు రుమాళ్ళు భుజాన వేసుకొని నిలబడినారు. చుట్టూ ఉన్న జనంలో సగం మంది బండి వెంట పోయినారు. ఆ బండి ఇరుకు సందులో ఇరుక్కొని పావుగంట కదలలేదు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరం నుంచీ కేంద్ర నియమాలు ఉన్నాయని మా సాంఘికశాస్త్రం సారు చెప్పినారు. పండుగ రోజుల్లో కొంత సడలింపు ఇస్తారట, అదీ అర్ధరాత్రి వరకే. నియమాల సంగతి సరే, నాకు ఆ రాత్రి అర్థమైంది ఇంకొకటి. డీజే పెట్టెకు పక్కవాడి చెవి అవసరం లేదు. రివాయత్‌కు ఒక ముసలాయన గొంతు ఒక పిల్లవాడి చెవికి వినబడటం అవసరం. అది ఆగితే పాటే ఆగిపోతుంది.

బండి పోయిన తర్వాత అన్న మళ్ళీ మొదలుపెట్టబోయినాడు. అజ్జ చేయి అడ్డం పెట్టి తానే పాడినాడు. గట్టిగా కాదు, ఇంట్లో పిల్లలను నిద్రపుచ్చేటంత మెల్లగా. పలక కొట్టే ఆయన కర్రలు కింద పెట్టి వేళ్ళతో తట్టినాడు. వినాలంటే దగ్గరికి పోవాలి కాబట్టి మిగిలిన జనం జరిగి జరిగి ఆయన మోకాళ్ళ దాకా వచ్చినారు. అడుగులు వేసేందుకు చోటే లేకుండా పోయింది. ఎవరూ ఆడలేదు, ఊరికే విన్నాం. ఇంటికి వచ్చేటప్పటికి మూడు గంటలు.

పొద్దున తొలి ఏకాదశి. జేజి పేలపిండి చేసింది. హనుమంతుని గుడిలో భజన ఉందంటే నేనూ అమ్మా పోయినాము. హార్మోనియం, తాళాలు, తబలా పెట్టుకొని దాసుల పదాలు పాడుతున్నారు. ఈ దాసుల పదాలు కూడా మా జిల్లా సొత్తే. విజయదాసులది మానవి తాలూకా చీకలపర్వి. గోపాలదాసులది దేవదుర్గ తాలూకా మొసరకల్లు. హరికథామృతసారం రాసిన జగన్నాథదాసులది మానవి దగ్గరి బ్యాగవాటు. 17, 18 శతాబ్దాల్లో ఇంతమంది పాటగాళ్ళు ఈ ఎండిన నేలలో పుట్టినారు. భజనలో తబలా వాయించే ఆయన ముఖం ఎక్కడో చూసినట్టు అనిపించింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మధ్యలో ఆవలింతలు. రాత్రి అజ్జ మేళంలో పలకను వేళ్ళతో తట్టింది ఈయనే! భజన అయ్యాక అమ్మ ప్రసాదం తీసుకుంటూ "నిద్ర పోలేదా అన్నా?" అని అడిగితే, "ఇవాళ సాయంత్రం దఫన్ ఉంది కదమ్మా, అది అయ్యాక పడుకుంటా" అన్నాడు. రెండు చోట్లా ఆయనకు ఒకే చేతులు. తాళం మాత్రం వేరు.

మధ్యాహ్నం అజ్జ వాళ్ళింటి నుంచి చోంగెలు తెచ్చినాడు. చోంగెలంటే గోధుమపిండీ బెల్లంతో చేసి, మీద అచ్చు ఒత్తి వేయించిన తీపి రొట్టెలు. జేజి ఉపవాసం కాబట్టి రేపు ద్వాదశికి తింటానని మూత పెట్టింది. అజ్జ అరుగు మీద కూర్చున్నాడు. ఆయనకు తెలుగు కొద్దికొద్దిగా వచ్చు, పొలాల్లో ఆంధ్రా వాళ్ళ దగ్గర పని చేసినాడు. "అక్కా, రాత్రి నీవు అళుతిద్ది, ఏడుస్తా ఉంటివి. మీ కడె కూడా ఈ హాడు ఉందా?" అని అడిగినాడు. జేజి మూడేళ్ళలో బయటివాళ్ళతో మాట్లాడటం నేను చూసింది అదే మొదలు. "ఉండకేం, మా పల్లెలో ఆడోళ్ళం పాడేవాళ్ళం. మొగోళ్ళు గుండం కాడ దుంకుతుంటే మేము పక్కన చప్పట్లు కొట్టుకుంటా పాడేది" అంది. పాడమన్నాడు. "నాకేడ వస్తుంది ఇప్పుడు" అని కాసేపు సిగ్గుపడింది. తర్వాత గోడకు ఒరిగి కళ్ళు మూసుకొని పాడింది.

అది కాసిం పెళ్ళి పాట. యుద్ధానికి పోయే ముందు పెళ్ళి జరిగిందని జనం చెప్పుకొనే కథ. అజ్జ పాటల్లో కాసిం గుర్రం ఉంది, కత్తి ఉంది, వంటి మీది గాయాలు ఉన్నాయి. జేజి పాటలో అవేవీ లేవు. పెళ్ళికూతురు ఉంది. ఆమె చేతి గోరింట ఇంకా ఎండలేదు, గాజులు తీసేసే వేళ వచ్చింది. పాట అంతా ఆ చేతుల గురించే. అజ్జ తొడ మీద తాళం వేస్తూ విని, "ఈ మాట మా దాంట్లో ఇల్లవే ఇల్ల" అన్నాడు. ఒకే యుద్ధం గురించి మగవాళ్ళు ఒకటి దాచుకున్నారు, ఆడవాళ్ళు ఇంకొకటి దాచుకున్నారు. ఇద్దరూ ఒక అరుగు మీద కూర్చొనే దాకా ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరికి తెలియలేదు.

జేజి మూడో చరణం దగ్గర ఆగిపోయింది. గుర్తు రాలేదు. "నరసక్కకు తెలుసు, నాతో పాటు పాడేది" అంది. అజ్జ లేచి పోతూ, "వచ్చే ఏడు మా హుడుగులకు నేర్పిస్తావా అక్కా?" అన్నాడు. "తెలుగు పాట వాళ్ళకు నోరు తిరుగుతుందా?" అంది జేజి. "నీవు ఈడ ఉండి చెప్తే తిరుగుతుంది" అన్నాడు. జేజి ఏమీ అనలేదు. నాయన లోపల మోటారు తీగ చుడుతున్నాడు, చేతులు ఆగినాయి.

సాయంత్రం దఫన్ చూడటానికి జేజి తానే బయలుదేరింది. పీర్లు నీళ్ళ వైపు పోతుంటే ఊరంతా వెంట నడిచింది. అజ్జ మేళం వాళ్ళు గజ్జెలు విప్పేసినారు, ఆ సమయంలో ఎవరూ ఆడరు. పాట ఒక్కటే ఉంది, అదీ నడిచేవాళ్ళ అడుగులంత మెల్లగా.

ఆ మరుసటి రోజు నుంచి నేను ఒక పని పెట్టుకున్నాను. సాయంత్రం అజ్జ దగ్గర కూర్చొని ఆయన చెప్పిన పాట రాసుకుంటున్నాను. కన్నడ పాటను తెలుగు లిపిలో రాస్తున్నాను. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు కాబట్టి శబ్దం ఏమీ పోదు. తర్వాత కన్నడ లిపిలో ఎత్తి బెంగళూరులోని అన్నకు ఫోనులో పంపుతాను. ఫోనులో రికార్డు చేస్తే సరిపోదా అని స్నేహితులు అడిగినారు. రికార్డు కూడా చేస్తున్నాను. కానీ రాసేటప్పుడు అజ్జను ఆపి అడగాల్సి వస్తుంది, ఈ మాటకు అర్థమేమిటి, ఇది ఎవరు చెప్పినారు అని. రికార్డు చేసేటప్పుడు అట్లా ఎవరూ అడగరు. ఇప్పటికి నాలుగు పాటలు అయినాయి. ఇంకా పదహారుకు పైగా ఉన్నాయి. అజ్జ దగ్గు తగ్గిన రోజే పని జరుగుతుంది.

జేజి చెప్పినట్టే శ్రావణంలో ఊరికి పోయింది. పది రోజుల తర్వాత రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, "పెన్ను తీసుకో పాపా" అంది. నరసక్క పక్కనే ఉంది. ఇద్దరూ కలిసి మూడో చరణం పాడినారు, నేను రాసుకున్నాను. దీపావళికి వస్తావా అని అడిగితే చూద్దాం అంది. అప్పుడు నేను సారు నేర్పిన లెక్క వేసి, వచ్చే ఏడు పదో రోజు జూన్ 26 దగ్గర పడుతుందని చెప్పాను. కాసేపు మాట లేదు. "అయితే ఆ పిల్లోళ్ళకు నేర్పాలంటే ఉగాదికైనా వచ్చేయాలి గదా" అంది.

ఈ పత్రిక చదివే నా తోటి విద్యార్థులకు ఒక మాట. మనలో చాలామందిమి వేరే ఊళ్ళ నుంచి వచ్చి ఈ జిల్లాలో ఉన్నవాళ్ళమే. మన ఇళ్ళల్లో అవ్వలు, జేజీలు, తాతలు మాట రాక మూల కూర్చున్నారు. వాళ్ళకు పీర్ల పాటో, నాట్ల పాటో, తిరుగలి పాటో ఏదో ఒకటి వచ్చే ఉంటుంది. ఈ ఆదివారం ఒక నోటుపుస్తకం తీసుకొని పక్కన కూర్చోండి. తర్వాత పక్కింట్లో కన్నడం మాట్లాడే అజ్జనో అవ్వనో కూడా పిలవండి. మీకు దొరికిన పాటలో మొదటి చరణం నాకు చూపించండి, నా దగ్గర ఉన్నవి నేను చూపిస్తాను.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని